కుంకుడు రసంలో నార్వే కాసు

మొన్న కారుకి చలికాలం టైర్లు వేయించడానికి వెళ్ళి, నేనూ మా అమ్మాయీ ఆ షాపులో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. నా చేతిలో వాళ్ళు ఉచితంగా ఇచ్చే కాఫీ, దాని చేతిలో ఫోను. హైస్కూల్లో చేరాక ఆ పిల్ల తలెత్తి నన్ను చూడటమే అపురూపం. అలాంటిది ఉన్నట్టుండి ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. ఏదో వేలంపాట వీడియో. తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒకాయన ఒక బంగారు నాణేన్ని అంచులు మాత్రమే పట్టుకుని, పురిటి బిడ్డని చుట్టాలకి చూపించినట్టు అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఒకవైపు రాజుగారి తల, రెండోవైపు కిరీటం కింద గొడ్డలి పట్టుకుని నిలబడ్డ సింహం. "నాన్నా, లుక్! ఇది మామ్మ కాయిన్ లాగా ఉంది కదా?" అంది. అవునన్నాను. "సో మచ్ మనీ నాన్నా! మామ్మ దాన్ని ఎందుకు వాష్ చేసింది?" మామ్మ అంటే మా మేనత్త. ఆవిడ గొడ్డలి సింహం ఉన్న నాణెం కడిగిన సంగతి మా ఇంట్లో నవ్వుకోవడానికి చెప్పుకునేది కాబట్టి పిల్లకి అంతవరకే తెలుసు. తర్వాత జరిగింది దానికి ఎవరమూ చెప్పలేదు. లోపల టైర్లు బిగించే మిషను దడదడమంటుంటే నాకు పార్కింగ్ లాట్‌లో కాంక్రీటు దిమ్మ మీద నెత్తురు గుర్తొచ్చింది. కాఫీ పక్కన పెట్టేశాను.

మా మేనత్తది తెనాలి. నర్సు చదువు చదివి, ఎప్పుడో ఈ దేశం వచ్చి, డెట్రాయిట్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో రిటైరయ్యేదాకా పనిచేసింది. కత్తిపోట్లు, తుపాకీ దెబ్బలు, తాగి తలలు పగలగొట్టుకున్నవాళ్ళు ఆవిడకి కొత్త కాదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "పగలంతా మగాళ్ళకి కుట్లేసి, ఇంటికొచ్చి ఇంకో మగాడికి కందిపచ్చడి నూరాలా?" అనేది. నాకు కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చినప్పుడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆవిడ ఇంట్లోనే మేడగదిలో చేరాను. అప్పటికి నేను ముప్ఫై అయిదు దాటినా పెళ్ళికాని ముదురు బెండకాయని. అద్దె ఇస్తానంటే అట్లకాడ చూపించింది. కోపం ఆవిడకి ముక్కు మీదే ఉండేది, కానీ ఎదుటివాడికి నెత్తురు కారుతోందంటే ఆ కోపం ఎటు పోయేదో తెలీదు. చెయ్యి మాత్రం వణికేది కాదు.

పక్కింట్లో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. అత్తా నేనూ వాళ్ళని మా మాటల్లో పెద్దాయన, చిన్నాయన అనుకునేవాళ్ళం. ఇద్దరికీ అరవై దాటాయి. వాళ్ళ ముత్తాతలు నార్వే నుంచి వచ్చి, మిషిగన్ ఉత్తరాన అడవుల్లో చెట్లు నరికే పనికి కుదిరారట. పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో అచ్చులు తయారుచేసే పనిలో ఉండి రిటైరయ్యాడు. చిన్నాయన ట్రక్కులు తోలి, రెండు పెళ్ళిళ్ళూ పెటాకులయ్యాక అన్నగారి బేస్‌మెంట్‌లోకి వచ్చిపడ్డాడు. పై గదిలో వాళ్ళమ్మ, తొంభై ఏళ్ళు దాటిన ముసలావిడ, మంచం మీద ఉండేది. ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం కన్నా కొట్టుకోవడమే ఎక్కువ. ఆదివారం మన ఇళ్ళలో ఇడ్లీలు వేసుకున్నంత మామూలుగా వాళ్ళు తన్నుకునేవారు.

నేను వచ్చిన మొదటి చలికాలమే ఆ వైభవం కళ్ళారా చూశాను. పెద్దాయన తన కారు వెనక మంచు తీసి తమ్ముడి ట్రక్కు వెనక పోశాడు. చిన్నాయన బయటికొచ్చి చూసి, ఒక్క మాట కూడా అనకుండా, మంచు తీసే పారతో అన్న వీపు మీద బల్లపరుపుగా ఒక్కటిచ్చాడు. ఆ చప్పుడుకి నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. పెద్దాయన మోకాళ్ళ మీద పడి, లేచి, తమ్ముడి మెడ పట్టుకుని మొహం ట్రక్కు తలుపుకేసి కొట్టాడు. మధ్యలో ఊపిరందక ఇద్దరూ ఆగి, నడుముల మీద చేతులు పెట్టుకుని ఆయాసం తీర్చుకుని, మళ్ళీ మొదలుపెట్టేవారు. అలా ఒకసారి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు చిన్నాయన నోట్లోంచి పన్నొకటి ఊడి మంచులో పడింది. నేను పోలీసులకి ఫోన్ చేయబోతే అత్త లాక్కుంది. "పోలీసులొస్తే గన్స్ తీస్తార్రా, ఆగు" అని, చీర మీదే పెద్ద కోటు తొడుక్కుని, మందులపెట్టె పట్టుకుని బయటికి నడిచింది. అయిదడుగులు కూడా లేని మనిషి ఆ ఇద్దరు దుక్కల మధ్య నిలబడి, "స్టాపిట్! సిట్ డౌన్! ఇద్దరూ సిట్ డౌన్, వెధవల్లారా!" అంది. కూర్చున్నారు, ఆ మంచులోనే. ఒకడి చిగుళ్ళలో దూది కుక్కి, ఇంకొకడి కనుబొమ్మకి టేపు వేసి, ఆ వేసినంతసేపూ తెలుగులో వాళ్ళ వంశాన్ని కడిగేసింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఇద్దరూ తలలు వంచుకుని విన్నారు. ఆ రోజు నుంచి వాళ్ళకి ఆవిడ 'నర్స్' అయింది. ఆవిడ మాటంటే భయమూ, ఆవిడ చేతి పప్పన్నమంటే ప్రాణమూ ఏర్పడ్డాయి.

మందులపెట్టె కాక ఆవిడ దగ్గర ఇంకో ఆయుధం ఉండేది, అబద్ధం. ఒకరోజు పెద్దాయన కారు తలుపు మీద ఈ చివర నుంచి ఆ చివరికి గీత పడింది. ఆయన సుత్తి పట్టుకుని తమ్ముడి కోసం బయల్దేరాడు. అత్త వరండాలోంచి చూసి, "చెత్తడబ్బా లాక్కెళ్తూ నేనే గీశాను, ఐ యామ్ సారీ" అని కేకేసింది. సుత్తి ఆగిపోయింది. నర్స్ గీస్తే ఏం చేస్తాడు, పర్వాలేదని గొణిగి లోపలికి పోయాడు. కొన్నాళ్ళకి చిన్నాయనకే సిగ్గేసి, ఆ గీత తన పనేనని అన్నకి చెప్పేశాడు. అన్న ఒక లెంపకాయ ఇచ్చాడు, తర్వాత ఇద్దరూ కలిసి 'ఆపిల్ పై' అనే తీపి రొట్టె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. మా కోసం అబద్ధమాడారు నర్స్, అని పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. అప్పటినుంచి వాళ్ళింట్లో ఏది పగిలినా, ఏది పోయినా, "నర్స్ చేసి ఉంటుంది" అని నవ్వుకోవడం అలవాటైంది. చెయ్యని తప్పు నెత్తినేసుకుంటావేం అత్తా అని నేనడిగితే, "నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఒక్క అబద్ధమాడి ఒక బుర్ర పగలకుండా ఆపితే తప్పేంట్రా?" అంది. ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

ఆ ముసలావిడ పోవడంతో అసలు రామాయణం మొదలైంది. ఆవిడ దగ్గర ఒక బంగారు నాణెం ఉండేది. నార్వే నుంచి ఓడెక్కిన ముత్తవ్వ దాన్ని నారగుడ్డలో చుట్టి తెచ్చిందట. తల్లి దగ్గర్నుంచి కూతురికి, ఆ కూతురి దగ్గర్నుంచి ఈవిడకి, గుడ్డ విప్పకుండానే చేతులు మారింది. చివరి రోజుల్లో ఆవిడ పెద్దకొడుకుని పిలిచి అది నీదేరా అంది. తర్వాత చిన్నకొడుకుని పిలిచి అది నీదేరా అంది. ఇద్దర్నీ సంతోషపెట్టి పోదామనుకుంది కాబోలు, ఆ తల్లి మనసు నాకు అర్థమవుతుంది కానీ, ఆ రెండు మాటలూ చర్చి బేస్‌మెంట్‌లో సంతాపం కాఫీల దగ్గర ఎదురుపడ్డాయి. పెద్దాయన కాఫీ నింపిన పెద్ద స్టీలు డ్రమ్ము ఎత్తి తమ్ముడి మీద పడేశాడు. చిన్నాయన మెడ మీద చర్మం బొబ్బలెక్కి ఊడింది. ఆయన ఆ మంట మీదే కేకులు పెట్టిన బల్ల లాగి అన్న కాళ్ళ మీదికి తిరగేశాడు. అమ్మ ఫొటో పక్కనే ఇద్దరూ నేల మీద దొర్లుతుంటే పాస్టరు గోడకి అతుక్కుపోయాడు. అత్త వెళ్ళి చెరో చెవీ పట్టుకుని లేపింది.

ఆ నాణెం ఖరీదు ఎంతో తేల్చుకుందామని ఇద్దరూ ఒక నాణేల వ్యాపారి దగ్గరికి వెళ్ళారు. అక్కడ జరిగిన సంభాషణ నాకు చాలా తర్వాత ఆ వ్యాపారే చెప్పాడు. అది పద్ధెనిమిది వందల డెబ్భై నాలుగులో అచ్చైనది. అప్పుడు నార్వే పాత డబ్బు వదిలి కొత్త డబ్బుకి మారుతోందట, జనం తికమక పడకుండా పాత విలువా కొత్త విలువా రెండూ ఒకే నాణెం మీద వేశారు. అలాంటివి ఎక్కువ కాలం వెయ్యలేదు, వేసినవాటిలో చాలావరకు కరిగిపోయాయి. కానీ సేకరించేవాళ్ళు ప్రాణం పెట్టేది అరుదుగా దొరుకుతుందనే కాదట. అచ్చు కింద నుంచి బయటికొచ్చిన క్షణాన దాని ఒంటి మీద ఏ నునుపు ఉందో ఆ నునుపు చెదరకుండా ఉండాలి. దాన్ని వాళ్ళు నాణెం చర్మం అంటారు. గుడ్డతో ఒక్కసారి తుడిచినా సన్నటి గీతలు పడతాయి, మన కంటికి కనపడవు, వాళ్ళ భూతద్దానికి కనపడతాయి. గీతలు పడ్డాక అది ఎంత పాతదైనా తూకానికి బంగారమే. ఈ నాణెం ముత్తవ్వ చుట్టిన గుడ్డ వల్ల అలాగే మిగిలింది కనక, ఎవరూ చెయ్యి పెట్టకండి, రుమాలు కూడా తగలనివ్వకండి, అని ఆయన చెప్పి, ఒక ధర చెప్పాడు. ఆ ధర విన్నాక ఆ ఇంట్లో దెబ్బల తీరు మారింది. అంతవరకూ పిడికిళ్ళతో సరిపోయేది, ఆ తర్వాత పనిముట్లు వచ్చాయి.

నాణెం గరాజ్‌లో పెద్దాయన పనిముట్ల పెట్టెలో ఉండేది. చిన్నాయన దాన్ని ఒకసారి దొంగిలించి కొన్నాళ్ళు దాచాడు, అన్న ఆయన పక్కటెముకల మీద తన్ని తిరిగి రాబట్టాడు. ఒక శుక్రవారం, నాకు ఆ రోజు సెలవు, వాళ్ళ గరాజ్‌లోంచి ఒక అరుపు వినిపించింది. మనిషి గొంతు అలా ఉంటుందని నాకు అంతకుముందు తెలీదు. అత్త వెనకే నేనూ పరిగెత్తాను. తమ్ముడు మళ్ళీ పెట్టెలో చెయ్యి పెడుతుంటే పట్టుకుని, పెద్దాయన ఆ చేతిని ఇనప ముక్కల్ని కదలకుండా నొక్కిపట్టడానికి బల్లకి బిగించిన వైస్‌లో పెట్టి తిప్పేశాడు. ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. ఏడుస్తూ తిప్పుతున్నాడు. చిన్నాయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంది, వేళ్ళ మధ్య ఎముక కనపడుతోంది, ఆ గుడ్డ మూట కింద నెత్తుట్లో పడి ఉంది. అత్త మందులపెట్టె ఎత్తి పెద్దాయన చెవి మీద బలమంతా పెట్టి కొట్టింది. ఆయన చేతులు వదిలాక తనే వైస్ విప్పింది. ఆసుపత్రిలో చిన్నాయన జాకీ కింద చెయ్యి పడిందని చెప్పాడు. రెండు వేళ్ళు మళ్ళీ ఎప్పటికీ ముడుచుకోలేదు. అన్న మీద కేసు పెట్టమని అక్కడివాళ్ళంటే, "మా అన్నని జైలుకి పంపడానికి వాళ్ళెవరు?" అన్నాడు.

ఆసుపత్రికి బయల్దేరే ముందే గరాజ్ మధ్యలో నిలబడి అత్త చెయ్యి చాచింది. "గివ్ ఇట్ టు మీ" అంది. పెద్దాయన వంగి ఆ మూట తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "జాగ్రత్త నర్స్" అన్నాడు, అంతే. తుడవొద్దని చెప్పాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. బంగారం ఇంటికొస్తే కడుగుతారని వాళ్ళకెలా తెలుస్తుంది? కడగకుండా ఇంట్లో పెట్టుకోవచ్చని మా అత్తకెలా తెలుస్తుంది? ఆసుపత్రి నుంచి వచ్చి, స్నానం చేసి, దీపం పెట్టే వేళకి మూట విప్పింది. నెత్తురు గుడ్డలోంచి నాణేనికి కూడా అంటింది. "నెత్తురంటిన బంగారాన్ని లక్ష్మీదేవి ముందు ఎట్టా పెడతాంరా, అదీ శుక్రవారం పూట" అని, తెనాలి నుంచి తెప్పించుకున్న కుంకుడుకాయలు కొట్టి నానేసి, నురుగు తీసి, తన గాజులతో పాటు దాన్నీ అందులో వేసింది. పాత టూత్‌బ్రష్ పెట్టి రాజుగారి గడ్డం సందుల్లో, సింహం గొడ్డలి చుట్టూ శ్రద్ధగా రుద్దింది. మా అమ్మా అలాగే రుద్దేది, ఆవిడ అమ్మా అలాగే రుద్దేది, అందులో నాకు వింతేం కనపడలేదు. పసుపూ కుంకుమా పెట్టి, దణ్ణం పెట్టుకుని, మళ్ళీ నీళ్ళతో కడిగి మెత్తటి పంచెగుడ్డతో తుడిచింది. నెత్తురు గుడ్డ పారేసి, పట్టు జాకెట్టు ముక్కతో చిన్న సంచీ కుట్టి అందులో పెట్టింది. ధగధగా మెరిసింది. "చూడు, ఎంత కళొచ్చిందో" అంది నాతో.

ఆ తర్వాత ఆవిడ ఆ ఇద్దర్నీ సాయంత్రం పూట మా బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోబెట్టి అన్నం పెట్టడం మొదలుపెట్టింది. చిన్నాయన చెయ్యి పిండికట్టులో ఉంది, ఎడంచేత్తో చెంచా పట్టుకునేవాడు. పెద్దాయన తమ్ముడి కంచం వంక తప్ప ఎటూ చూసేవాడు కాదు. "ఇది వీళ్ళ మధ్య ఉన్నంతకాలం ఒకడు చస్తాడ్రా" అని అత్త నాతో అంది. "అమ్మేసి చెరిసగం చేస్తే చిన్నాడు ఉత్తరానికి పోయి ఏ చెరువు పక్కనో బతుకుతాడు, పెద్దాడు ఇక్కడ బతుకుతాడు. ఇద్దరూ బతకాలంటే అదొక్కటే దారి." అదే మాట వాళ్ళతో ఇంగ్లీషులో రోజూ చెప్పింది. చిన్నాయన మొదట కరిగాడు. సూపీరియర్ సరస్సు దగ్గర ఒక ట్రైలర్ ఇల్లు చూసుకున్నాడు కూడా. ఒకరోజు నేను ఆ నాణెం మీద ఏం రాసి ఉంటుందని అడిగితే, వాళ్ళమ్మ చెప్పిందని పెద్దాయన గుర్తు తెచ్చుకుని చెప్పాడు. అప్పట్లో నార్వేకీ స్వీడన్‌కీ ఒకడే రాజట, సోదర జాతుల మేలు అన్నది ఆయన నినాదమట, అది నాణెం మీద వేయించాడట. "మేలు బాగానే జరిగింది" అని చిన్నాయన కట్టుకట్టిన చెయ్యి ఎత్తి చూపించాడు. పెద్దాయన నవ్వబోయి ఏడ్చాడు, చారు గిన్నె పక్కకి జరిపి తమ్ముడి భుజం పట్టుకున్నాడు. సరే అమ్మేద్దాం అన్నాడు. ఆ రోజు అత్త సంతోషంతో పరమాన్నం చేసింది.

మంచు కరుగుతున్న ఒక మధ్యాహ్నం నేనే డ్రైవ్ చేశాను. వెనక సీట్లో అన్నదమ్ములు చిన్నపిల్లల్లా తలుపులకి అంటుకుని కూర్చున్నారు, ముందు అత్త ఒళ్ళో పట్టు సంచీ. షాపు ఒక లాండ్రీకీ పిజ్జా కొట్టుకీ మధ్యన ఉంది. వ్యాపారి తొడుగులు వేసుకుని, సంచీ విప్పి, నాణెం చూడగానే మొహం మార్చాడు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "దీన్ని ఎవరు రుద్దారు?" అన్నాడు. చర్మం పోయిందన్నాడు, పాలిష్ పెట్టి రుద్దినట్టు గీతలన్నీ ఒక్కలాగే ఉన్నాయన్నాడు. ఇప్పుడిది తూకానికి బంగారం, అంతకుమించి ఇవ్వలేనని చెప్పి సంచీలో పెట్టి వెనక్కి తోశాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. బయటికి నడిచారు. అత్తకి ఇంకా అర్థం కాలేదు. "కడగకూడదా?" అని ఆయన్ని అడిగింది. ఎప్పుడూ కడగకూడదని ఆయన చెప్పాడు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోవడం నేను చూశాను. సంచీ అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తింది.

మేము వెళ్ళేసరికే పార్కింగ్ లాట్‌లో మొదలైపోయింది. దొంగిలించి దాచినప్పుడు నామీద కసితో రుద్దావని అన్న, నీ గరాజ్ నిండా పాలిష్ డబ్బాలే కదా అని తమ్ముడు. పెద్దాయన ముక్కు అప్పటికే పక్కకి ఒరిగిపోయింది. చిన్నాయన పిండికట్టు చేతినే దుడ్డుకర్రలా వాడుతున్నాడు, ప్రతి దెబ్బకీ ఆయనే కేక పెడుతున్నాడు, అయినా కొడుతున్నాడు. నేను మధ్యలో దూరబోతే ఒక మోచెయ్యి వచ్చి నా పెదవి చీల్చింది, కార్ల మధ్య వెల్లకిలా పడ్డాను. అప్పుడు అత్త కేకపెట్టింది. "ఐ వాష్డ్ ఇట్! నేను కడిగాను! నేనే! బ్లడ్ ఉందని కడిగాను!" ఇద్దరూ ఆగారు. ఆవిడ ఊపిరి ఎగబోస్తూ, సబ్బులాగా నురగొచ్చే కాయలు ఉంటాయని, వాటిని నానబెట్టి కడిగానని, బ్రష్షుతో రుద్దానని, దేవుడి ముందు పెట్టానని, ఉన్నది ఉన్నట్టు మొత్తం చెప్పింది. పెద్దాయన నెత్తురు నిండిన నోటితో ఆవిడని చూసి ఎంతో ప్రేమగా నవ్వాడు. "చెత్తడబ్బా లాగేనా నర్స్?" అన్నాడు. చిన్నాయన కూడా నవ్వాడు. "కాయలతో కడిగారా? ఇంకా మంచి అబద్ధం చెప్పాల్సింది" అన్నాడు. దేవుడి మీద ఒట్టు, ఆ నవ్వుతో గొడవ అయిపోయిందనుకున్నాను నేను. కానీ పెద్దాయన ఆ నవ్వు మొహంతోనే తిరిగి తమ్ముడి కణత మీద గుద్దాడు. చిన్నాయన పిండికట్టు చెయ్యి కింద నుంచి పైకి లేచి అన్న దవడకి తగిలింది. ఆయన నిలువునా వెనక్కి పడ్డాడు. కార్లు ముందుకి పోకుండా వేసే కాంక్రీటు దిమ్మ ఉంటుంది చూడండి, తల వెనక భాగం దానికి కొట్టుకుంది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. చిన్నాయన ఆ చప్పుడు వినలేదు. మీద పడి మళ్ళీ కొట్టాడు, ఇంకా కొట్టాడు, నేను ఆయన మెడ చుట్టూ చెయ్యేసి వెనక్కి లాగేదాకా కొట్టాడు.

అత్త నేల మీద కూర్చుని ఆ తలని రెండు చేతుల్లో పట్టుకుంది. కనురెప్ప ఎత్తి చూసి, రెండోది ఎత్తి చూసి, నా వంక తలెత్తింది. ఎమర్జెన్సీలో అన్నేళ్ళు పనిచేసిన మనిషి, ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ చేతులు వణకడం అదే మొదటిసారి చూశాను. చిన్నాయన అప్పటికి అన్న కాళ్ళ దగ్గర కూర్చుని, ఊడిపోయిన బూటు తిరిగి తొడగడానికి పనికిరాని చేత్తో ప్రయత్నిస్తున్నాడు. పెద్దాయన మర్నాడు పోయాడు.

కోర్టులో అత్త ప్రమాణం చేసి అదంతా మళ్ళీ చెప్పింది. గుప్పెడు కుంకుడుకాయలు పర్సులో పెట్టుకుని వెళ్ళింది, చూపిస్తానంది, లాయరు అవసరం లేదన్నాడు. కొట్టింది ఎవరో, చచ్చింది ఎవరో వాళ్ళకి కావాలి కానీ నాణెం ఎవరు కడిగితే ఏం? చిన్నాయన మాత్రం తన కుర్చీలోంచి ఆవిడని చూసి, ఇంకా నా కోసం అబద్ధమాడుతున్నావా తల్లీ అన్నట్టు తల ఊపాడు. నాణేన్ని ఏం చేస్తావని అడిగితే ఆవిడకే వదిలేశాడు. తూకానికి అమ్మి అత్త పెద్దాయన సమాధికి రాయి వేయించింది, ఆ బంగారం కరిగి ఎవరి మెడలోకి పోయిందో తెలీదు.

చిన్నాయనకి శిక్ష పడింది, ఆ తర్వాత నెలనెలా ఆవిడ ఆయన్ని చూడటానికి జైలుకి వెళ్ళేది. కళ్ళు సరిగ్గా కనపడనప్పటి నుంచి నేను తీసుకెళ్ళేవాణ్ణి. ప్రతిసారీ నాణెం తనే కడిగానని చెప్పేది. మొదట్లో చిన్నాయనకి కోపమొచ్చేది, అన్న పేరెత్తితే బల్ల మీద గుద్దేవాడు, కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ మనిషి మెత్తబడ్డాడు. అక్కడ తోటపని నేర్చుకున్నాడు. అన్న చిన్నప్పుడు గడ్డకట్టిన చెరువులో మునిగిపోతున్న తనని జుట్టు పట్టుకుని లాగిన సంగతి చెప్పేవాడు. మేము చివరిసారి వెళ్ళినప్పుడు అత్త చక్రాల కుర్చీలో ఉంది. మళ్ళీ మొదలుపెట్టింది, "నేనే కడిగాను నాయనా, మీ అన్న ముట్టుకోలేదు, నమ్ము" అని తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్పింది. ఆయన తన వంకర వేళ్ళతో ఆవిడ చెయ్యి నిమిరాడు. "నర్స్, ఇక మీరు అబద్ధం చెప్పక్కర్లేదు. అన్న రుద్దినందుకు వాణ్ణి నేను ఎప్పుడో క్షమించాను" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

కార్లో కూర్చోబెట్టి బెల్టు పెడుతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఒరేయ్, తప్పు చేసింది నేను. చచ్చింది వాడు. క్షమించేది వీడు. అదీ నన్ను కాదురా, వాణ్ణి" అంది. ఇంటికి చేరేదాకా ఏడుస్తూనే ఉంది. ఆ ఏడే ఆవిడ పోయింది. కబురు తెలిసి చిన్నాయన రోజంతా అన్నం ముట్టలేదని అక్కడివాళ్ళు చెప్పారు. మరుసటి చలికాలం ఆయనా పోయాడు. కాలం ఆయన కోపాన్నంతా మోసుకుపోయింది కానీ, ఆయన తప్పుగా నమ్మిన ఆ ఒక్క మాటని మాత్రం చివరిదాకా ఆయన దగ్గరే ఉంచి వెళ్ళింది.